మూడు ముళ్ళ గేటు

మా లోయలో రోస్విటా కోఫ్లర్ ఎదురైతే ఎవరైనా ముందు వెనక్కి తిరిగి చూసుకుంటారు, తాము దాటి వచ్చిన గేటు మూశామో లేదో అని. చర్చిలో ఆమె పక్క బల్ల మీద కూర్చున్నవాళ్ళు కూడా ప్రార్థన మధ్యలో తలుపు వైపు చూస్తారని మా ఆవిడ అంటుంది. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే గానీ, మరీ అంత ఎక్కువేం కాదు.

రోస్విటాకి యాభై తొమ్మిదేళ్ళు. ముప్పై ఒక్కేళ్ళు పాల సొసైటీలో పని చేసింది. రైతులు తెచ్చిన క్యాను మూత తీసి వాసన చూసి, ఎవరి ఆవు నిన్న అడవి వెల్లుల్లి మేసిందో చెప్పేసేది. రిటైరైన మర్నాడే నా దుకాణానికి వచ్చి, "ఇంట్లో నన్ను చూసి మా ఆయన భయపడుతున్నాడయ్యా, ఏదన్నా పని చెప్పు" అంది. అప్పటినుంచి ఆరేళ్ళుగా ప్రతి మంగళవారం, గురువారం అతిథుల్ని సైకిళ్ళ మీద లోయ చుట్టూ తిప్పుకొస్తోంది. ఆ సైకిళ్ళు అద్దెకిచ్చేవాణ్ణి నేను, వెండెలిన్ని. గొలుసులకి నూనె పెడతాను, ట్యూబులకి అతుకులేస్తాను, మిగిలిన టైములో ఊళ్ళో కబుర్లు వింటాను.

ఆ దారి పద్దెనిమిది కిలోమీటర్లు. నా దుకాణం ముందు మొదలై, వాగు వెంబడి మెల్లగా పైకెక్కి, గుడిసె హోటల్లో మజ్జిగా రొట్టె ఉండల సూపూ అయ్యాక, పైమేత మీదుగా లార్చి చెట్ల అడవిలోకి దిగి, మళ్ళీ నా దుకాణానికే వచ్చి చేరుతుంది. దారి పొడుగునా నీలం గుర్తులుంటాయి, సులభం అని. "మా అత్తగారు తొక్కగలిగితే నీలం, నేను తొక్కగలిగితే ఎరుపు, మా అల్లుడొక్కడే తొక్కగలిగితే నలుపు" అని రోస్విటా చెప్పే కొలత. ఆరేళ్ళలో ఆమె వెంట వెళ్ళినవాళ్ళెవరికీ మోకాలు కూడా గీసుకోలేదు.

దారికి అడ్డంగా నాలుగు గేట్లున్నాయి. బయల్దేరే ముందు ఆమె అతిథుల్ని వరసగా నిలబెట్టి పాఠం చెబుతుంది. ముందు వెళ్ళేవాళ్ళు గేటు తెరవాలి, చివర వచ్చేవాళ్ళు మూయాలి, మూసి ఒకసారి ఊపి చూడాలి. ఆ మధ్య ఒకాయన నవ్వుతూ, "బ్రేకుల గురించి ఏమీ చెప్పరా అమ్మా?" అన్నాడు.

"బ్రేకు వెయ్యకపోతే నువ్వొక్కడివే పడతావు నాయనా. గేటు వెయ్యకపోతే పదిహేడు పెయ్యలు పడతాయి" అంది.

మూడో గేటు మీద ఆమె తన చేత్తో రాసిన బోర్డు ఉంది. "గేటు మూయండి. మూశారా? వెనక్కి వెళ్ళి చూడండి."

పదిహేడు పెయ్యలూ మా ఊరి రైతు ఇగ్నాట్స్‌వి. ఎండాకాలమంతా అవి మూడో గేటుకి ఎగువన పైమేతలో ఉంటాయి. సెప్టెంబరులో మందలన్నీ ఊళ్ళోకి దిగుతాయి. ఆ ఎండాకాలం ఒక్క పశువు కూడా చావకపోతేనే మందకి స్ప్రూస్ కొమ్మల కిరీటాలు కడతారు, కాగితం గులాబీలు గుచ్చుతారు. ఒక్కటి పోయినా అన్నీ బోడి తలలతోనే దిగుతాయి. రోడ్డు పక్కన నిలబడ్డ ఊరంతా టోపీలు తీసి నోరు మూసుకుని చూస్తుంది. ఆ మౌనం ఒకసారి చూస్తే చాలు.

రోస్విటా చూసింది, పదకొండేళ్ళప్పుడు. ఆ ఏడు వాళ్ళ నాన్న యోహాన్ గేటు వెయ్యడం మర్చిపోయాడు, ఒక పెయ్య వాగు లోతులో పడింది, మంద బోడి తలలతో దిగింది. లోయలో అందరికీ తెలిసిన కథే ఇది. అందుకే ఆమె గేట్ల పిచ్చిని ఎవరూ మరీ మోటుగా ఎగతాళి చెయ్యరు. పైగా ఇగ్నాట్స్ మంద తలలకి గులాబీలు కత్తిరించేది కూడా ఆమే. ఈ ఏడు మూడు వందల నలభై కత్తిరించి, చెప్పుల పెట్టెల్లో దాచి, మంచం కింద పెట్టింది. మందలో ఒక్కటీ పోలేదని లెక్క తేలేదాకా వాటిని ఇంట్లోంచి బయటికి తియ్యకూడదు.

మంద శనివారం దిగాలి. ఇది గురువారం సంగతి.

పొద్దున ఏడున్నరకి నేను ఒక సైకిలు వెనక బ్రేకుతో కుస్తీ పడుతున్నాను. ఫోను మోగింది. చేతులకి నూనె ఉంది కాబట్టి దాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించాను. ఇగ్నాట్స్. ఆయన ఫోనులో కూడా అవతలి కొండ మీదివాళ్ళకి చెప్పినట్టే మాట్లాడతాడు.

"ఒరే వెండెల్, విను. మధ్యాహ్నానికి పైన మంచు పడుతుందంట. నేను చీకటితోనే పోయి మూడో గేటు బార్లా తీసిపెట్టొచ్చా. చలి పుట్టగానే పెయ్యలు వాటంతటవే లార్చి అడవిలోకి దిగుతాయి. ఇప్పుడు పాలావుల కోసం అవతలి కొండకి పోతున్నా, అక్కడ ఫోను అందదు. రోస్విటాకి చెప్పు, ఆ గేటు ముట్టుకోవద్దని. గేటు తెరిచి కనబడితే దానికి పూనకం వస్తుంది."

"చెప్తాలే."

ఆయన ఇంకా ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే బ్రేకు తీగ జారి నా వేలు తెగింది. రక్తం చూసుకోవడంలో ఆ చివరి మాట చెవిలోకి వెళ్ళిందేమో గానీ బుర్రలోకి వెళ్ళలేదు. ఫోను పెట్టేశాను. వేలికి గుడ్డ చుట్టాను. బ్రేకు బాగుచేశాను. ఎనిమిదీ ముప్పావుకి రోస్విటా ఆరుగురు అతిథులతో వచ్చింది.

నేను ఆమెకి ఏమేం చెప్పానో ఇప్పటికీ గుర్తుంది. నీలం సైకిలు సీటు కొంచెం జారుతోందని, పొడుగాయనకి పెద్ద హెల్మెట్ ఇవ్వమని, నా వేలు తెగిందని. వేలు సంగతైతే రెండుసార్లు చెప్పాను. గేటు సంగతి చెప్పలేదు.

ఒంటిగంటకి ఆమె తిరిగొచ్చింది. అతిథులు బుగ్గలెర్రబడి, సంతోషంగా, సూపు గురించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. రోస్విటా మాత్రం బల్ల మీద కూలబడి చేతి తొడుగులు విసిరింది.

"మూడో గేటు బార్లా తీసుంది, తెలుసా? ఎవడో మహానుభావుడు తోసుకుంటూ పోయాడు. వాడెవడో గానీ రెండు చక్రాలూ ఒకేసారి పంచరవ్వాలి."

నా చేతిలో ఉన్న స్పానరు బల్ల మీద పెట్టాను. అది జారి కింద పడింది.

"మూశావా?" అన్నాను.

"మూశానా అంటాడేంటి? మూసి, ఊపి చూసి, నువ్విచ్చిన పాత ట్యూబు ముక్క ఉందిగా, ఎర్రది, దాంతో మూడు ముళ్ళేశా. ఇంక ఎవడొచ్చినా ఊడదు."

కిటికీలోంచి కొండ వైపు చూశాను. పొద్దున కనిపించిన శిఖరం లేదు. దాని కింది రాళ్ళ వరస లేదు. బూడిదరంగు మబ్బు పైమేత అంచుదాకా దిగి కూర్చుంది. మూడో గేటు దగ్గర పైమేత సన్నబడి గరాటులా అవుతుంది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క వాగు లోతు. ఆ లోతుకి అడ్డంగా ఉన్నవి మా తాతల నాటి రెండు కొయ్య దూలాలు. మంచు పడితే పదిహేడు పెయ్యలూ అక్కడికొచ్చి, గేటు మూసి ఉంటే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. తడి గడ్డి మీద కొత్త మంచు పడితే సబ్బు నురగలా ఉంటుంది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. నిజం చెప్పాలని నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

"ఇగ్నాట్స్ ఇప్పుడే ఫోన్ చేశాడు. ఆ గేటు తనే తీసిపెట్టాడంట. మంచు పడుతుందని, పెయ్యలు కిందికి దిగాలని."

రోస్విటా ముఖంలో రంగు పోవడం నేను అంత దగ్గర్నించి ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడే చేశాడా? పాలావుల కోసం అవతలి కొండకి పోయాడుగా. అక్కడ ఫోను అందదే."

"ఎక్కడో అందినట్టుంది."

ఆమె ఇంకో ప్రశ్న వెయ్యలేదు. వేసుంటే బాగుండేది. లేచి మళ్ళీ చేతి తొడుగులు వేసుకుంది.

"బ్యాటరీ సైకిలొకటి ఇవ్వు."

అది విని నాకు నిజంగా భయం పట్టుకుంది. బ్యాటరీ సైకిళ్ళని ఆమె మోటారు గాడిదలు అంటుంది. ఆరేళ్ళలో ఒక్కదాన్నీ ముట్టలేదు. నేను రెండు తీశాను.

"నువ్వెందుకు?"

"ఒక్కదానివే ఎలా పోతావు?"

"వాగు వైపు నుంచి పోతే గంటన్నర పడుతుంది. వెనక నుంచి పోదాం" అంది.

మా దారిని వెనక నుంచి ఎవరూ ఎక్కరు. ఆమె ఎవర్నీ ఎక్కనివ్వదు కూడా. దిగేటప్పుడు అత్తగార్లు తొక్కగల నీలం దారి, ఎక్కేటప్పుడు ఆమె అల్లుడి నలుపు దారి అయిపోతుంది. ఐదు కిలోమీటర్లే గానీ, సగం దూరం సైకిలు మనల్ని మోస్తుందో మనం సైకిల్ని మోస్తున్నామో తెలియదు. లార్చి వేళ్ళు దారికి అడ్డంగా తాళ్ళలా పరుచుకుని ఉంటాయి. నాలుగో గేటు దాటేసరికి నా ఊపిరి నా వెనకాలే ఎక్కడో ఉండిపోయింది. రోస్విటా ఆ గేటు దగ్గర ఆగి, మూసి, ఊపి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఊపి చూసి వచ్చింది.

"ఇవాళ కూడానా?" అన్నాను.

"ఇవాళ మరీనూ."

చెట్ల మధ్య మొదటి మంచు రేకులు పడుతున్నాయి. కింద ఊళ్ళో వాన పడుతూ ఉండాలి. ఏటవాలు ఎక్కువైన చోట ఇద్దరం దిగి సైకిళ్ళు తోసుకుంటూ నడిచాం. అప్పుడు ఆమె నా వైపు చూడకుండా అంది:

"అప్పుడు కూడా ఇలాగే మంచు పడింది."

"మీ నాన్న మర్చిపోయినప్పుడా?"

"మా నాన్న కాదు. నేను."

నేను ఆగాను. ఆమె ఆగలేదు.

"నడువు. నడుస్తూ విను. రాస్ప్‌బెర్రీలు కోసుకోడానికి పోయి గేటు వెయ్యకుండా వచ్చేశా. పెయ్య పేరు లీనా. మంద బోడి తలలతో దిగుతుంటే నేను వెనకాల నడిచా. అందరూ చూస్తున్నారు. గేటు వెయ్యనిది ఎవరు అని సంతలో అడిగితే మా నాన్న టోపీ తీసి, నేనే మర్చిపోయా అన్నాడు. చచ్చిపోయేదాకా దాని మీద వెక్కిరింతలే. పేకాటలో కూడా, యోహాన్, తలుపేసొచ్చావా అనేవాళ్ళు. నవ్వేవాడు."

"ఎవరికీ చెప్పలేదా నువ్వు?"

"నాన్న చెప్పనిస్తేగా. ఇవాళ నీకు చెప్పా. ఇప్పుడు నేనే మళ్ళీ..." అని ఆపేసింది.

కాదు, నువ్వు కాదు, నేను, అని చెప్పడానికి అదే సరైన సమయం. ఆ మాట గొంతుదాకా వచ్చింది. అక్కడ ఊపిరే లేదు, మాటకి చోటెక్కడ? అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. యాభై రెండేళ్ళ మనిషికి అబద్ధం చెప్పుకోడానికి బయటివాళ్ళెవరూ అక్కర్లేదు.

గేటు కనిపించకముందే గంటలు వినిపించాయి. మేస్తున్నప్పుడు మోగే గంటల చప్పుడు కాదది. ఒకదానికొకటి తగులుతూ, తొందరగా, ఆగకుండా మోగుతున్నాయి.

పెయ్యలన్నీ గేటుకి అవతల గుంపుగా ఉన్నాయి. వీపుల మీద తెల్లగా మంచు, ముక్కుల్లోంచి ఆవిరి. ముందున్నవి ఛాతీలు గేటుకి ఆనించి నిలబడ్డాయి. వెనకవి తోస్తున్నాయి. వాగు వైపున్న ఒక పెయ్య వెనక కాలు జారి, మళ్ళీ నిలదొక్కుకుంది. అక్కడి దూలం ఒకటి అప్పటికే విరిగి వేలాడుతోంది.

నేను మూడు ముళ్ళ దగ్గరికి పరుగెత్తాను. రబ్బరు తడిసి, బిగిసి, రాయిలా ఉంది. నా జేబులో చిన్న కత్తి ఉంది, ఎర్ర ముక్క తెగి కింద పడింది. గొళ్ళెం తీశాను. గేటు కదల్లేదు. అది పైకి, వాటి వైపుకే తెరుచుకుంటుంది. పది పశువుల బరువు దాని మీద ఉంది.

"వెనక్కి తోలాలి" అన్నాను.

"ఎవరు తోలతారు? మనం ఇవతలున్నాం."

అంటూనే రోస్విటా రాతి గోడ వైపు నుంచి గేటెక్కి అవతలికి దూకింది. పశువుల పక్కటెముకలకీ రాయికీ మధ్య మనిషి పట్టేంత సందులోంచి ఒక్కో అడుగూ వేస్తూ పైకి వెళ్ళింది. ఒక పెయ్య తల తిప్పితే చాలు, ఆమె గోడకి అంటుకుపోతుంది. నేను గేటు పట్టుకుని చూస్తున్నాను.

గుంపు వెనకకి చేరాక ఆమె హెల్మెట్ తీసింది. అతిథులకని ఎప్పుడూ సంచిలో పెట్టుకునే గట్టి రై రొట్టెలు తీసి, పగలగొట్టి హెల్మెట్‌లో వేసి గలగలా ఆడించింది. పైమేతలో పశువులకి ఉప్పు పెట్టే బకెట్ చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. ఒక చెవి తిరిగింది, తర్వాత ఇంకోటి. వెనకాల ఉన్న గోధుమరంగు పెయ్య ఒళ్ళంతా తిప్పి ఆమె వైపు నడిచింది. ఆమె హెల్మెట్ ఆడిస్తూ, "రండి తల్లులూ, రండి, రండి" అని లాలనగా పిలుస్తూ వెనక్కి వెనక్కి ఏటవాలు ఎక్కింది. ఒక్కొక్కటే గుంపు విడింది. గేటు మీద బరువు తగ్గగానే నేను దాన్ని పైకి లాగి గోడకి చేరేశాను.

"తీశా" అని అరిచాను.

తర్వాత అంతా నిమిషంలో అయిపోయింది. ముందున్నదానికి దారి కనిపించింది. అది కదలగానే మిగతావి వరస కట్టి, నన్ను పట్టించుకోకుండా, ఏమీ జరగనట్టు లార్చి అడవిలోకి దిగిపోయాయి. రోస్విటా వాటి వెనకే దిగుతూ వేలితో ఒక్కోదాన్నీ లెక్కపెడుతోంది.

"పదహారు" అంది. "నువ్వు?"

నేను లెక్కపెట్టలేదు. అడవిలోకి పోయి, ఆకుల కింద నిలబడ్డ వాటిని ఇద్దరం మళ్ళీ లెక్కపెట్టాం. పదహారు. మూడోసారీ పదహారే.

"జూన్‌లో నేను చూస్తుండగా పదిహేడు ఎక్కాయి" అంది రోస్విటా. వెనక్కి, గేటు దాటి, విరిగిన దూలం దగ్గరికి వెళ్ళింది. అక్కడ మంచులో గిట్టల గీతలు పొడుగ్గా, అంచు వైపు సాగి ఉన్నాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తర్వాత పొట్ట మీద పడుకుని అంచు మీంచి తల కిందికి పెట్టి పిలిచింది. కింద వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"రోస్విటా, ఇవతలికి రా."

"పొదల్లో ఏదో కదిలింది."

"మంచు పడి కొమ్మ కదిలింది. ఇవతలికి రా."

"కొంచెం కిందికి పోతే కనబడుతుంది. నా కాళ్ళు పట్టుకో."

ఆమె నిజంగానే ముందుకి జరిగింది. నేను ఆమె బూటు పట్టుకున్నాను. ఆ చెయ్యి, పొద్దున తెగిన వేలున్న చెయ్యి. పట్టు బిగించగానే గుడ్డలోంచి మళ్ళీ నెత్తురొచ్చింది. ఆ నెత్తురు చూడగానే ఇగ్నాట్స్ చివరి మాట పొద్దున్నుంచీ చెవిలో ఎక్కడో ఇరుక్కుని, ఇప్పుడే బయటికి దొర్లినట్టు వినిపించింది. "పదహారే ఉంటాయి రా, కుంటుతున్నదాన్ని సోమవారమే కొట్టానికి తెచ్చేశా."

"రోస్విటా, పదహారే. పదిహేడోది కుంటుతుంటే సోమవారమే కిందికి తెచ్చేశాడంట. వాళ్ళ కొట్టంలో ఉంది."

ఆమె కదలడం ఆపింది. తల ఇంకా అంచు అవతలే ఉంది.

"ఎవరు చెప్పారు?"

"ఇగ్నాట్స్."

"ఎప్పుడు?"

ఇక్కడ ఇంకో అబద్ధం ఆడొచ్చు. కానీ అవతలి కొండ మీంచి అందీ అందని ఫోనులో అంత వివరంగా ఎవరు చెబుతారు? పైగా ఆమె నమ్మకపోతే ఇంకో అడుగు కిందికి దిగేలా ఉంది. నమ్మించాలంటే అంతా చెప్పాలి.

"పొద్దున."

"ఏ పొద్దున?"

"ఇవాళ పొద్దున్నే. ఏడున్నరకి. గేటు సంగతి కూడా అప్పుడే చెప్పాడు. నిన్ను ముట్టుకోవద్దని చెప్పమన్నాడు. నేను మర్చిపోయా. మధ్యాహ్నం ఫోను రాలేదు, ఏమీ రాలేదు."

ఆమె మెల్లగా వెనక్కి జరిగి, లేచి కూర్చుంది. గడ్డానికి మంచు అంటుకుంది. నా వంక చూసిన చూపుకి పాలైతే విరిగిపోయేవి. తర్వాత హెల్మెట్ తీసి, అడుగున మిగిలిన రొట్టె తునకలు నా అరచేతిలో వంచింది.

"తిను. పెయ్యలన్నిటికీ పెట్టి నీకు పెట్టకపోతే బాగోదు."

తిన్నాను. ఆమె నిలబడి, నేను చివరి తునక నమిలేదాకా చూసి, నడిచింది. నాలుగో గేటు దగ్గర ఆగి, "ఇది వెయ్యాలా, వద్దా? ఫోనేమన్నా వచ్చిందా?" అంది.

నేను తల దించుకుని గేటు వేశాను. ఊపి చూశాను కూడా.

శనివారం మంద దిగింది. పదహారు పెయ్యలూ, ముందు నడిచే పాలావులూ, పదిహేడోది కొంచెం కుంటుతూ ఊరి మొదట్లో కలిసి, అన్నిటి తలల మీదా స్ప్రూస్ కొమ్మలు, రోస్విటా గులాబీలు. ఆ పొద్దున దాకా నాకు అన్నం సహించలేదని మా ఆవిడ ఊరంతా చెప్పింది. జలుబని నేను చెప్పాను.

చర్చి ముందు బల్లలు వేసి బీరు పోస్తున్నారు. ఇగ్నాట్స్ పండగ టోపీ పెట్టుకుని వచ్చి, జేబులోంచి ఎర్ర ట్యూబు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఒక చివర తెగి ఉంది, మూడు ముళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఈ ముళ్ళు ఎవరివో నేను చెప్పక్కర్లేదు" అన్నాడు ఊరంతటికీ వినబడేలా. "మూడో గేటు దగ్గర దొరికింది. దూలం కూడా విరిగింది. ఒరే వెండెల్, ఆ గేటు ముట్టుకోవద్దని రోస్విటాకి చెప్పమని నీకు ఫోన్ చేశానా లేదా?"

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి మాట్లాడదామని వంగాను. నాకంటే ముందు రోస్విటా మాట్లాడింది.

"చెప్పాడు పాపం. నేనే మర్చిపోయా."

ఒక్క క్షణం బ్యాండువాళ్ళు కూడా ఆగారు. తర్వాత బల్లల మధ్య ఒక ఆనందం పాకింది. నలభై ఎనిమిదేళ్ళుగా ఈ లోయ దాచుకున్న ఆకలంతా ఒక్కసారి తీరినట్టుంది.

"రోస్విటా మర్చిపోయిందా? మన రోస్విటానా?"

"మూశావా తల్లీ? వెనక్కి వెళ్ళి చూడు."

"కూర్చునే ముందు కుర్చీ ఉందో లేదో ఊపి చూసుకో."

"అంతా వాళ్ళ నాన్న పోలికే" అన్నాడు పోస్టాఫీసు ముసలాయన.

ఆమె నవ్వింది. తల కొంచెం పక్కకి వంచి, అన్నీ వింటూ నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ నేర్చుకుందో ఆ బల్లల దగ్గర నాకొక్కడికే తెలుసు. అందుకే రెండో గ్లాసు అయ్యాక ఇక కూర్చోలేకపోయాను. లేచి నిలబడి, గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాను. ఫోను నాకొచ్చిందని, మర్చిపోయింది నేనని, తర్వాత ఫోను ఇప్పుడే వచ్చిందని అబద్ధమాడానని, రోస్విటా చేసిన తప్పేమీ లేదని.

అందరూ విన్నారు. ఇగ్నాట్స్ కళ్ళు చెమర్చాయి.

"చూశార్రా," అన్నాడు, "ఆడమనిషి మాట పడుతుంటే చూడలేక తప్పంతా నెత్తినేసుకుంటున్నాడు. మా వెండెల్ బంగారం."

"లేదయ్యా, నిజంగానే..."

"కూర్చో, కూర్చో. నీ మనసు మాకు తెలీదా?"

ఎవరో నా వీపు తట్టారు. ఎవరో నాకు మూడో గ్లాసు తెచ్చారు. మా ఆవిడ కూడా నన్ను ఇరవై ఏళ్ళ కిందటిలా చూసింది. రోస్విటా మర్చిపోయిందన్న కబురు వాళ్ళకి అంత తియ్యగా ఉంది, నా నిజం కలిపి దాన్ని చప్పగా చేసుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. బల్లకి అవతల రోస్విటా నా వైపు గ్లాసెత్తింది.

"తాగు, బంగారం" అంది.

ఆదివారం నేను ఒక్కణ్ణే వెనక దారిన ఎక్కి విరిగిన దూలం మార్చి వచ్చాను. మంగళవారం రోస్విటా నన్ను అడక్కుండానే నా దుకాణంలోంచి తెల్ల రంగు డబ్బా, సన్న కుంచె పట్టుకుపోయింది. తిరిగొచ్చాక అతిథులు నన్ను చూసి నవ్వుతుంటే అనుమానమొచ్చి మర్నాడు పైకి పోయి చూశాను. బోర్డు మీద పాత మాటలు అలాగే ఉన్నాయి. వాటి కింద కొత్తగా ఇంకో వరస ఉంది. "తెరిచి కనబడితే ముట్టుకోకండి. ముందు వెండెలిన్‌కి ఫోన్ చేయండి." కింద నా నంబరు, ఎంత దూరం నుంచైనా కనబడేంత పెద్దగా.

ఇప్పుడు ఎండాకాలమంతా నా ఫోను మోగుతూనే ఉంటుంది. ఎక్కడెక్కడి యాసలవాళ్ళో ఆయాసపడుతూ, గేటు తెరిచి ఉంది, ఏం చెయ్యమంటారు అని అడుగుతారు. నేను చేతుల నూనె తుడుచుకుని, ఫోను భుజం మీద పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని, చివరి మాట దాకా వింటాను. పక్కన పలక పెట్టుకున్నాను. విన్నదంతా దాని మీద రాశాకే మళ్ళీ బ్రేకు ముట్టుకుంటాను. మంగళవారం, గురువారం ఎనిమిదీ ముప్పావుకి రోస్విటా వచ్చి ముందు ఆ పలక చదువుతుంది. అటూ ఇటూ తిప్పి చూస్తుంది, వెనకాల కూడా ఏమన్నా రాశానేమో అని. తర్వాతే నన్ను పలకరిస్తుంది.